విమానం ఆఖర్న కొనండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "స్వర్ణోత్సవం గుర్తుగా బడిలో రేడియో విమానాల క్లబ్బు పెడదామనుకుంటున్నాం. చందాలు వచ్చాయి. నువ్వు మద్రాసులో ఆదివారాలు అదే పనిలో ఉంటావంట గదా, ఏమేం కొనాలో చెప్పు" అన్నారు. ఈ లోపల వాట్సాప్ గ్రూపులో బొమ్మలు కూడా వచ్చేశాయి. ఒకరు రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ పెట్టారు, రెక్కలు ఐదడుగులు. ఇంకొకరు జెట్ విమానం పెట్టారు. చూస్తే నాకే నోరూరింది. శిలాఫలకం పక్కన పెట్టి ఫొటో తీసుకుంటే చాలా బాగుంటుంది కూడా.

నేను చెప్పేది ఒకటే మాట. అవేవీ వద్దు. విమానం ఆఖర్న కొనండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే, ఈ బడి గ్రౌండులోనే జరిగి, నేను చాలామంది దగ్గర దాచిన సంగతి ఒకటి చెప్పాలి. దానికంటే ముందు ఇంకొక పాత రోజుకి పోదాం.

1993 సెప్టెంబరు 20, సోమవారం. మేము పదో తరగతి. శ్రీహరికోట ఇక్కడికి గాలిదారిన నలభై కిలోమీటర్లు ఉంటుంది. రాకెట్ వదులుతారంటే మన బడిలో పాఠం నడిచేది కాదు, ఇప్పుడూ నడవదనుకుంటాను. ఆ రోజు మొట్టమొదటి పీఎస్‌ఎల్‌వీ. పదిన్నర దాటాక గ్రౌండులో తూర్పు ముఖంగా నిలబడ్డాం. తెల్లటి గీత లేచింది, ఒంగింది, సముద్రం వైపు పోయింది. చప్పట్లు కొట్టాం, ఈలలు వేశాం, లోపలికి పోయి కూర్చున్నాం. తర్వాత తెలిసింది అది కక్ష్యలోకి పోలేదని, సముద్రంలో పడిందని. ఇంజన్లన్నీ పని చేశాయి. రాకెట్టును తిన్నగా నిలిపే నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు. మరుసటి ఏడు అక్టోబరు 15న రెండోది ఎగిరి, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ పాటికి మేము బడి వదిలేశాం.

నేల మీద నిలబడి చూసేవాడికి అంతా బాగానే కనిపిస్తుంది. తేడా లోపల ఉంటుంది. ఈ ముక్క నాకు పదో తరగతిలో అర్థమై ఉంటే నా చూపుడు వేలు మీద ఈ మచ్చ ఉండేది కాదు.

చదువు అయ్యాక మద్రాసులో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ పనిలో చేరాను. పెళ్లయింది, ఇల్లు కుదుటపడింది, చేతిలో నాలుగు డబ్బులు మిగిలినాయి. అప్పుడు పాత పిచ్చి లేచింది. ఒక దుకాణానికి పోయి, గోడకి వేలాడుతున్న వాటిలో అన్నింటికంటే అందంగా ఉన్న విమానం కొన్నాను. కింద రెక్కల యుద్ధ విమానం. రేడియో, మోటారు, బ్యాటరీ అన్నీ కలిపి ఒక నెల జీతం పైమాటే. సంక్రాంతికి ఊరొచ్చాను. రాత్రంతా కూర్చుని బిగించాను. తెల్లారి బడి గ్రౌండుకి తెచ్చాను. పండగ సెలవులు గదా, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. అందరూ చుట్టూ మూగారు. మన డ్రిల్లు సారు కూడా అటువైపు పోతూ ఆగారు.

విసిరాను. నాలుగు సెకన్లు ఎగిరింది. గాలికి ఎడమ రెక్క కొంచెం వాలింది. కుడికి తిప్పుదామని స్టిక్కు కుడికి తోశాను. అది ఇంకా ఎడమకి ఒరిగింది. భయపడి ఇంకా కుడికి తోశాను. బోర్లా పడి, గ్రౌండు మూల కొళాయి దగ్గరికి దూసుకుపోయింది. అక్కడ ఒక ఆడపిల్ల సీసాలో నీళ్లు పట్టుకుంటా ఉంది. రెండు బారల దూరంలో నేలకి కొట్టుకుంది. రాత్రి బిగించేటప్పుడు రెక్కల మీది ఐలెరాన్లు తిరగేసి కలిపాను. రేడియోలో ఒక చిన్న సెట్టింగు మారిస్తే సరిపోయేది. విసిరే ముందు స్టిక్కు ఒక్కసారి కదిపి రెక్కవంక చూసి ఉంటే చాలు, పది సెకన్ల పని.

కథ అక్కడితో అయిపోలేదు. పరిగెత్తుకుంటూ పోయి విమానాన్ని చేత్తో ఎత్తాను. బ్యాటరీ ఇంకా తగిలించే ఉంది. రేడియో మెడలో వేలాడుతా ఉంది. ఒంగినప్పుడు మోచెయ్యి థ్రాటిల్ స్టిక్కుకి తగిలింది. ప్రొపెల్లర్ తిరిగింది. నాలుగు కుట్లు.

డ్రిల్లు సారు రుమాలు గట్టిగా కట్టి, స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. కుట్లు వేసేదాకా ఏమీ అనలేదు. బయటికొచ్చినాక అడిగారు: "ఏమబ్బయా, దీన్ని ఇంతకు ముందు ఎన్నిసార్లు ఎగరేశావు?"

"ఇదే మొదటిసారి సార్."

"సైకిలు నేర్చుకునేటప్పుడు వెనకాల ఒకడు పట్టుకుంటాడు గదా. దీనికి పట్టుకునేవాడు ఎవడు?"

నేను బదులు చెప్పలేదు. ఇంట్లో తలుపు సందులో పడి వేలు తెగిందని చెప్పాను. సారు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు. ఆ కొళాయి దగ్గర పిల్ల ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఆ అమ్మాయి కూడా ఈ బడి పూర్వ విద్యార్థే అయి ఉంటుంది. ఈ సభలో ఉంటే, తల్లీ, క్షమించు. ఆ రోజు నీ దగ్గరికొచ్చి ఒక్క మాట కూడా అడగలేదు.

సరే, కార్యదర్శిగారు అడిగిన పట్టీలోకి వద్దాం.

మొదటిది రేడియో, అంటే చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్. విమానాలు పడతాయి, పోతాయి. రేడియో మంచిదైతే పదేళ్లు ఉంటుంది. కనీసం ఆరు చానళ్లు ఉండాలి, ట్రైనర్ కేబుల్ తగిలించే పోర్టు ఉండాలి. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటిది మన దేశంలో చాలామంది మొదలుపెట్టేవాళ్ల చేతిలో కనిపిస్తుంది, బడికి అది చాలు. ఒకటి కాదు, ఒకే రకంవి రెండు కొనండి. రెండింటినీ కేబుల్‌తో కలిపితే ఒకటి గురువు చేతిలో, ఒకటి శిష్యుడి చేతిలో ఉంటుంది. గురువు ఒక స్విచ్ పట్టుకున్నంతసేపు విమానం శిష్యుడిది. వదిలాడా, మరుక్షణం గురువు చేతికొస్తుంది. మన డ్రిల్లు సారు అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. ఇలాంటి ఏర్పాటు ఉందని నాకు ఆ రోజు తెలియదు. దుకాణంలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకొక సంగతి. థ్రాటిల్ ఎడమ చేతి స్టిక్కులో ఉంటే మోడ్ 2 అంటారు, కుడి చేతిలో ఉంటే మోడ్ 1. రెండూ మంచివే. కాని క్లబ్బులో అందరిదీ ఒకటే మోడ్ ఉండాలి, మోడ్ 2 పెట్టుకోండి. లేకపోతే గురువు రేడియో అందుకున్న క్షణంలో ఆయన చేతులే ఆయనకి ఎదురు తిరుగుతాయి.

పాతవాళ్లకి ఈ రేడియోలతో పెద్ద తంటా ఉండేది. అమెరికాలో గుడ్ అనే ఇద్దరు అన్నదమ్ములు 1930లలోనే గఫ్ అనే మోడల్‌ని రేడియోతో నడిపారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఒక్కో రేడియోకి ఒక్కో క్రిస్టల్, ఒక్కో చానల్. ఇద్దరు ఒకే చానల్ మీద స్విచ్ వేస్తే గాల్లో ఉన్న విమానం పడిపోయేది. అందుకని మైదానంలో ఒక బోర్డు పెట్టి, చానల్‌కి ఒక క్లిప్పు తగిలించేవాళ్లు. క్లిప్పు చేతిలో ఉన్నవాడే స్విచ్ వెయ్యాలి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు తమ రిసీవర్‌ని తామే గుర్తుపడతాయి కాబట్టి ఆ బాధ పోయింది. ఒక్కటి మాత్రం మనం చెయ్యాలి. సిగ్నల్ తెగితే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవాలి. పెట్టామని నమ్మి ఊరుకోకుండా, ప్రొపెల్లర్ ఊడదీసి, మోటారు తిప్పుతూ రేడియో కట్టేసి చూడాలి. ఆగిందా, సరే.

రెండోది సిమ్యులేటర్. దీనికి పెద్ద ఖర్చు లేదు. పికాసిమ్ అనేది ఉచితంగా దొరుకుతుంది, ఫోన్లోనూ ఆడుతుంది. బడి కంప్యూటర్ గదిలో పెట్టి, రేడియోని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే మైదానంలో పట్టుకునే స్టిక్కులతోనే తెర మీద ఎగరేయవచ్చు. ఇది వీడియో గేమ్ కదా అని తల్లిదండ్రులు అడ్డం చెప్తారు. చెప్పనివ్వండి. విమానం మన నుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి కుడే. మనవైపు తిరిగి వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది. కొత్తవాళ్ల విమానాలు ఎక్కువగా పడేది ఇక్కడే. దీనికి ఒక చిట్కా ఉంది: ఎదురొచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్కుని ఆ పక్కకే తొయ్యాలి, వాలిన రెక్క కింద చెయ్యి పెట్టి లేపినట్టు. వినడానికి తేలిక. వేళ్లకి రావాలంటే మాత్రం వందసార్లు పడాలి. ఆ వందా తెర మీద పడితే పైసా పోదు. నా లెక్కలో ఒక్కో పిల్లవాడికి పది గంటలు. రోజుకి పావుగంట చొప్పున నలభై రోజులు. వరసగా పదిసార్లు పడకుండా దించినవాడికే మైదానంలో రేడియో ఇవ్వండి.

మూడోది బ్యాటరీ, చార్జర్, వాటిని పెట్టుకునే చోటు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మిగతావన్నీ పాడైతే డబ్బు పోతుంది. ఇది పాడైతే గది తగలబడుతుంది.

ఈ విమానాల్లో వాడేది లిథియం పాలిమర్ బ్యాటరీ, లైపో అంటారు. మన క్లబ్బుకి మూడు సెల్స్‌ది, 11.1 వోల్టులు, 2200 మిల్లీ ఆంపియర్ అవర్స్ సరిపోతుంది. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. దానికి మించి ఎక్కించకూడదు. వాడుతున్నప్పుడు 3.5 దగ్గరికి రాగానే దించెయ్యాలి. వారం పైన వాడకుండా పెట్టేట్టయితే 3.8 దగ్గర ఉంచాలి. మూడు సెల్సూ సమానంగా ఉండాలి కాబట్టి బ్యాలెన్స్ చార్జర్ తప్పనిసరి. ఫోన్ చార్జర్‌కి వైర్లు అతికించే తెలివితేటలు ఇక్కడ పనికిరావు. మన నెల్లూరోళ్లకి అవి కొంచెం ఎక్కువ కాబట్టి చెప్తున్నాను. సెల్ వోల్టేజి చూపించి, తగ్గితే కూత పెట్టే చిన్న అలారం దొరుకుతుంది. తక్కువ ధరే. బ్యాటరీకి ఒకటి కొనండి.

ఫిజిక్స్ మేడం గారికి ఒక లెక్క. 2200 మిల్లీ అంటే 2.2 ఆంపియర్ అవర్స్. విమానం సగటున 10 ఆంపియర్లు లాగితే 0.22 గంట, అంటే 13 నిమిషాలు. అంతా పిండకూడదు, నాలుగో వంతు మిగల్చాలి. పది నిమిషాలకి దించాలి. పిల్లలకి ఎనిమిదే చెప్పండి. దిగడం మొదటిసారే కుదరదు, రెండోసారి చుట్టు తిరిగి రావడానికి ఊపిరి ఉండాలి.

ఇందాకటి కథలో ఒక ముక్క మిగిలింది. ఆ రోజు నేలకి కొట్టుకున్న బ్యాటరీకి మూల సొట్ట పడింది. వేలికి కట్టు కట్టుకుని ఇంటికొచ్చి, అదే రాత్రి దాన్ని మంచం పక్కన చార్జింగ్ పెట్టాను. బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా? కాసేపటికి తియ్యటి రంగు వాసన లాంటిది వచ్చింది. లేచి చూస్తే అప్పం మాదిరి ఉబ్బి ఉంది. ప్లగ్గు పీకి, మా అమ్మ పట్టకారుతో పట్టుకుని పెరట్లో ఇసకకుప్పలో వేశాను. మంట రాలేదు. పక్క గదిలో పిల్లలు పడుకుని ఉన్నారు.

కాబట్టి సొట్ట పడినా, ఉబ్బినా ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. చార్జింగ్ సిమెంటు గచ్చు మీదే పెట్టాలి, మనిషి ఎదురుగా ఉండాలి. పక్కన ఇసక బక్కెట్టు ఉండాలి. పెట్టుకోవడానికి లైపో సంచీలని అమ్ముతారు. అవి లేకపోతే పాత ఇనప మందుగుండు పెట్టె లాంటిది, గాలి పోయే సందుతో, పుస్తకాలకి దూరంగా. ఎండలో కారులో వదిలెయ్యకూడదు. మన మే నెల ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పినా ఇంకా విమానం రాలేదు. వస్తున్నాను.

దానికి ముందు ఒక డబ్బా సర్దాలి. నాలుగు అదనపు ప్రొపెల్లర్లు, ఎందుకంటే మొదటి నెలలో విరిగేవి అవే. నురుగుకి పనికొచ్చే జిగురు కావాలి. మామూలు ఫెవిక్విక్ రకం కొన్ని నురుగుల్ని కరిగించేస్తుంది, ముందు ముక్క మీద వేసి చూసుకోవాలి. వేడి జిగురు గన్, పార్సిల్ టేపు, వెదురు పుల్లలు, చిన్న స్క్రూడ్రైవర్లు, బ్యాటరీ కదలకుండా కట్టే వెల్క్రో పట్టీ. కళ్లద్దాలు రెండు జతలు. ప్రథమ చికిత్స పెట్టె, అందులో దూది, కట్టుగుడ్డ నిజంగా ఉండాలి. మన బడి పెట్టెలో అప్పట్లో ఒక్క టింక్చర్ సీసా ఉండేది, అది కూడా ఖాళీ.

ఇక విమానం. పై రెక్కది కావాలి, అంటే రెక్క శరీరం మీద కూర్చోవాలి, బరువు కింద వేలాడాలి. రెక్క చివరలు కొంచెం పైకి లేచి ఉండాలి. అలాంటిది ఒరిగినా, స్టిక్కు వదిలేస్తే తనంతట తాను సర్దుకోవాలని చూస్తుంది. ప్రొపెల్లర్ వెనకాల ఉన్నది అయితే ఇంకా మేలు. ముక్కు మీద పడినా ప్రొపెల్లర్ విరగదు, ఎదురుగా ఉన్నవాడికీ దెబ్బ తక్కువ. రెక్క పొడవు నాలుగడుగులు. నురుగుతో చేసింది. కర్ర, బాల్సా తర్వాత చూద్దాం.

ఒక్క అంకె చూసి ఎంచుకోవచ్చు. బరువుని రెక్క వైశాల్యంతో భాగించండి. రెక్క 120 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు అనుకుందాం. 2400 చదరపు సెంటీమీటర్లు, అంటే 24 చదరపు డెసీమీటర్లు. విమానం 720 గ్రాములైతే డెసీమీటరుకి 30 గ్రాములు. కొత్తవాడికి అది హాయి. అదే రెక్క మీద 1440 గ్రాములు ఎక్కిస్తే 60 అవుతుంది. అప్పుడు పడిపోకుండా ఉండడానికి కావాల్సిన కనీస వేగం రెండు రెట్లు కాదు గాని, రెండుకి వర్గమూలం, అంటే నలభై శాతం పెరుగుతుంది. ఆలోచించుకోవడానికి ఉండే సమయం అంత తగ్గుతుంది. వాట్సాప్‌లో పెట్టిన స్పిట్‌ఫైర్ అందం అంతా అక్కడ తేలిపోతుంది.

కొనడం కంటే చేసుకోవడం నాకిష్టం. ఫ్లైట్ టెస్ట్ వాళ్లు నురుగు బోర్డుతో చేసుకునే శిక్షణ విమానాల ప్లాన్లు ఉచితంగానే ఇస్తున్నారు. ప్రింటు తీసి, అతికించి, కోసుకోవడమే. మోటారు 2212 రకం బ్రష్‌లెస్, దానికి 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, తొమ్మిది గ్రాముల సర్వోలు నాలుగు. ప్రొపెల్లర్ సైజు మోటారు పట్టీ చూసి పెట్టుకోవాలి. పెద్దది పెడితే బాగా లాగుతుందనుకుని మోటారు మాడ్చుకున్నవాళ్లని నేను చూశాను. ఆ పార్టులు విమానం విరిగినా మిగులుతాయి, ఇంకొక నురుగు శరీరంలోకి మారతాయి. తను కోసి అతికించిన విమానాన్ని పిల్లవాడు ఎగరేసే తీరు వేరు. పడ్డాక బాగు చేసుకునే ధైర్యం కూడా వాడికి ఉంటుంది.

బరువు మధ్య ఎక్కడుందో చూడకుండా విసరొద్దు. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు దగ్గర రెండు చూపుడు వేళ్లు పెట్టి లేపండి. 20 సెంటీమీటర్ల రెక్కకి ఐదారు సెంటీమీటర్ల దగ్గర. సమంగా నిలబడాలి, ముక్కు కొంచెం కిందికి వాలినా పరవాలేదు. తోక వాలితే ఎగరెయ్యొద్దు, బ్యాటరీ ముందుకి జరపండి. ఆ తర్వాత వెనకాల నిలబడి స్టిక్కు కుడికి. కుడి రెక్క ఐలెరాన్ పైకి లేవాలి. స్టిక్కు వెనక్కి లాగితే తోక మీది ఎలివేటర్ పైకి. ప్రతి ఎగురుకీ ముందు, ప్రతిసారీ, గట్టిగా పైకి చెప్తూ చూడాలి. ఇంకొకటి, బ్యాటరీ తగిలించేటప్పుడు రేడియో ముందు, విమానం తర్వాత. తీసేటప్పుడు విమానం ముందు, రేడియో తర్వాత. నా వేలు ఎత్తి చూపిస్తే పిల్లలకి ఎక్కువ గుర్తుంటుందేమో.

ఆరు, ఏడు తరగతుల పిల్లలకి ఇవేవీ అక్కర్లేదు. చీపురుపుల్ల, థర్మోకోల్ ప్లేటు, ముక్కుకి ఒక గుండుసూది చాలు. 1878లో రైట్ సోదరుల తండ్రి పిల్లలకి రబ్బరు బ్యాండుతో ఎగిరే ఒక బొమ్మ తెచ్చిచ్చాడు. అక్కడ మొదలైందని వాళ్లే చెప్పుకున్నారు. విసిరే గ్లైడర్‌తో బరువు మధ్యం సంగతి అర్థమైనవాడికి నేను ఇందాక చెప్పింది సగం వచ్చేసినట్టే.

ఎక్కడ ఎగరేయాలి? ఈ గ్రౌండులో వద్దు. ఇది నా బాధ అనుకోండి, భయమనుకోండి. చుట్టూ ఇళ్లొచ్చాయి, కరెంటు తీగలొచ్చాయి, రోడ్డు మీద ఆటోలు. వరి కోత అయ్యాక ఆరిన మడి అన్నింటికంటే మంచిది, కొయ్యకాళ్లలో పడితే నురుగు విరగదు. రైతుని అడిగి, హైటెన్షన్ తీగలు దూరంగా ఉన్న మడి చూసుకోండి. స్వర్ణముఖి ఏటి ఇసక చూడ్డానికి విశాలంగా ఉంటుంది గాని, అక్కడ దించితే మోటారు నిండా ఇసకే. వేళ పొద్దున ఆరు నుంచి ఎనిమిది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది, దానికి మన ఏడు వందల గ్రాములు ఒక లెక్క కాదు. చలికాలంలో నేలపట్టు పక్షుల వైపు, పులికాట్ వైపు పోవద్దు. గూడబాతులు, రాజహంసలు వాటి పని మీద అంత దూరం నుంచి వచ్చాయి, మన ముచ్చట కోసం వాటిని లేపకూడదు. ఇక్కడ కూడా గద్ద పైన తిరుగుతుంటే విమానం దించెయ్యండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల్లో చదువు కోసం, సరదా కోసం కంటికి కనిపించే దూరంలోనే నడిపే మోడల్ విమానాలకి కూడా చోటిచ్చారు. 250 గ్రాముల నుంచి రెండు కిలోల దాకా ఉన్నదాన్ని మైక్రో అంటారు, మనది అందులోకి వస్తుంది. వ్యాపారానికి కాకపోతే దానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయవచ్చు. ఎరుపు జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మనం శ్రీహరికోట పక్కన ఉన్నవాళ్లం కాబట్టి ఎగరేసే మడి ఏ రంగులో ఉందో అధికారిక మ్యాప్‌లో హెడ్మాస్టరుగారే స్వయంగా చూడాలి, రిజిస్ట్రేషన్ సంగతి బడి పేరున ముందే తేల్చుకోవాలి, పోలీస్ స్టేషన్లో ఒక కాగితం ఇచ్చి రావాలి. రాకెట్ వదిలే రోజు మన పెట్టెకి తాళం. ఆ రోజు అందరం తూర్పుకి తిరిగి నిలబడదాం, అలవాటే గదా.

పొద్దున టీ దగ్గర ఒక సీనియర్ అన్నారు, "ఇంత చేసి చివరికి బొమ్మలాటే గదా తమ్ముడూ" అని. అన్నా, మేనార్డ్ హిల్ అని అమెరికాలో ఒక పెద్దాయన ఉండేవారు. 2003లో, డెబ్బై ఏడేళ్ల వయసులో, చూపు దాదాపు పోయాక, చేతి స్పర్శతో బాల్సా చెక్కి తయారు చేసిన విమానం కెనడా తీరంలో లేచి ఐర్లండ్‌లో దిగింది. దాదాపు మూడు వేల కిలోమీటర్లు, ముప్పై ఎనిమిది గంటల పైన. ఇంధనంతో కలిపి ఐదు కిలోల లోపు. అంతకు ముందు పంపినవి ఎన్నో సముద్రంలో పడ్డాయి. బొమ్మే. కాదనను.

ఇక డబ్బు. మీరు అనుకున్న స్పిట్‌ఫైర్ ఖర్చులోనే రెండు రేడియోలు, చార్జర్, నాలుగు బ్యాటరీలు, నురుగు బోర్డులు, నేను చెప్పిన డబ్బా అన్నీ వచ్చి, రెండు విమానాలకి పార్టులు కూడా వస్తాయి. నా మాట వింటే మొదటి మూడు నెలలు విమానం బిల్లు మీద సంతకం పెట్టొద్దు. బ్యాటరీల బీరువా తాళం ఇద్దరి దగ్గరే ఉండాలి. ఒకరు సైన్సు మేడం. రెండోవారు ఎవరో నేను చెప్పక్కర్లేదు, రిటైరైనా రోజూ పొద్దున ఈ గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొడుతున్నారంట. సార్, మీరు ఒప్పుకోవాలి.

నేను ఇవాళ వట్టి చేతులతో రాలేదు. ఈ అట్టపెట్టెలో నా రేడియోలు రెండున్నాయి, ఒకే రకంవి, ఎనిమిదేళ్లు వాడినవి, బాగా పని చేస్తున్నాయి. ఒకదానికి యాంటెన్నా దగ్గర టేపు చుట్టి ఉంటుంది, భయపడొద్దు. రెంటినీ కలిపే ట్రైనర్ కేబుల్ కూడా అందులోనే, ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. మేడం గారూ, మీతో ఒకటే విన్నపం. ఆ కేబుల్ మాత్రం పోగొట్టనివ్వకండి. పోయినసారి అది పోతే ఇంకొకటి దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది.